పొట్ట మీద నలభై వాతలు

2025 మార్చిలో ఒడిశాలోని నవరంగపూర్ జిల్లా చందాహండి బ్లాకులో నెల రోజుల పసిగుడ్డుకు జ్వరం వచ్చింది. ఇంట్లోవాళ్లు ఇనుము ఎర్రగా కాల్చి పొట్ట మీదా తల మీదా దాదాపు 40 వాతలు పెట్టారు. ఉమర్‌కోట్ ఆసుపత్రికి తీసుకెళ్లాక గానీ ఈ సంగతి బయటపడలేదు. 1992 దాకా ఆ ప్రాంతం మా కొరాపుట్ జిల్లాలోదే. ఆ వార్త చదివి మా బంధువు ఒకాయన, "పెద్దలు ఊరికే పెట్టరమ్మా, దాని వెనక ఏదో శాస్త్రం ఉంటుంది" అన్నాడు. ఆ మాటకి రెండు రోజులు నాకు నిద్ర పట్టలేదు.

నేను మాచ్‌ఖండ్‌లో పెరిగాను. నాన్నది పవర్‌హౌస్‌లో ఉద్యోగం. డుడుమా నీళ్లతో 1955 నుంచి కరెంటు తీస్తున్న ఊరది. ఆ కరెంటు బల్బు కిందే మా తమ్ముడికి వాత పెట్టారు. మూడో నెలలో వాడికి పొట్ట ఉబ్బి పాలు పట్టలేదు. మా నాయనమ్మ గోనె కుట్టే సూది కుంపట్లో కాల్చి బొడ్డు చుట్టూ నాలుగుచోట్ల అంటించింది. నాకప్పుడు ఏడేళ్లు. వాడి కాళ్లు పట్టుకోమన్నారు, పట్టుకున్నాను. ఆ కమురు వాసన, ఏడ్చి ఏడ్చి వాడి గొంతు పోవడం నాకింకా గుర్తే. నాయనమ్మ కూడా ఏడుస్తూనే పెట్టింది. ఆమెకు మా మీద ప్రాణం. ప్రేమ ఉన్న చేతితోనే ఇంత పని చేయించగలిగిన నమ్మకం మీదే నా కోపమంతా.

ఒడియాలో ఈ వాతని చెంక అంటారు. చెడురక్తం చేరిందని, దిష్టి తగిలిందని, కాలిస్తే పోతుందని అంటారు. తమ్ముడు బతికాడు కాబట్టి వాత పనిచేసిందని నాయనమ్మ నమ్మింది. పసిపిల్లల పొట్ట ఉబ్బరం, మామూలు జ్వరం చాలాసార్లు వాటంతటవే తగ్గుతాయి. తగ్గితే పేరు వాతకి, బిడ్డ పోతే నెపం తలరాత మీదికి. 2023లో మధ్యప్రదేశ్ షహడోల్ జిల్లాలో న్యుమోనియాతో ఆయాసపడుతున్న మూడు నెలల పాపకు 51 వాతలు పెట్టారు. పాప చనిపోయింది. ఊపిరితిత్తుల్లో ఉన్న జబ్బుకు పొట్ట కాల్చారు.

ఇరవై ఏళ్లుగా నర్సింగు పిల్లలకు పాఠం చెబుతున్నాను. చంటిబిడ్డ వస్తే ముందు గుడ్డలన్నీ విప్పి పగటి వెలుతురులో ఒళ్లంతా చూడమంటాను. వేలితో నొక్కి వదిలితే పసుపు తేలుతుందా? మొహానికే ఉందా, అరిచేతులకూ అరికాళ్లకూ దిగిందా? దిగితే ఆలస్యం చేయకూడదు, కామెర్లు ముదిరాయి. ఊపిరి అందనప్పుడు వచ్చే నీలిరంగు మన నల్లని ఒళ్లలో చర్మం మీద సరిగా కనబడదు, నాలుక చూడాలి, గోళ్ల కింద చూడాలి. రొమ్ము ఎముక మీద నొక్కి వదిలాక రంగు తిరిగి రావడానికి మూడు సెకన్లు దాటితే రక్తప్రసరణ దెబ్బతింటోందని అనుమానించాలి. కాస్త పెద్దపిల్లల్లో జుట్టు ఎర్రబారి, పీచులా ఊడుతుంటే తిండి చాలడం లేదని అర్థం. దాన్ని పక్షిదోషం అని తాయెత్తు కట్టిన ఇళ్లు నాకు తెలుసు. ఆ బిడ్డకు కావలసింది గుడ్డు, పప్పు.

ఒంట్లో నీరు తగ్గిందో లేదో తెలియాలంటే బొడ్డు పక్కన చర్మం రెండు వేళ్లతో పట్టి వదులుతాం. మెల్లిగా వెనక్కి పోతే ప్రమాదం. వాతలు పెట్టేదీ సరిగ్గా అక్కడే. లోపలి జబ్బు ఆనవాలు ఇచ్చే చోటునే కాల్చి పుండు చేస్తారు. ఆ పుండులోంచి చీము, చీములోంచి రక్తానికి విషం. నెల బిడ్డ చర్మం ఎంత పలచనో ఎత్తుకున్న ప్రతి తల్లికీ తెలుసు.

ఆసుపత్రి దూరం, ఊళ్లో నాటువైద్యం చేసే దిసారి దగ్గర. అదీ నిజమే. కొండ దిగి, జీపు కోసం కాచుకుని వచ్చిన తల్లిని "ఇప్పుడా తెచ్చేది" అని గదమాయించిన మాటలూ నేను విన్నాను. ఆ తల్లి మళ్లీ రాదు. దూరం తగ్గించాలి, నోరు అదుపులో పెట్టుకోవాలి. అయినా ఇనుము చల్లగానే ఉండాలి.

మొన్న క్లాసులో ఒనకడిల్లి వైపు నుంచి వచ్చిన అమ్మాయి లేచి అడిగింది: "మేడమ్, పొట్టంతా వాతలుంటే చర్మం ఎక్కడ పట్టి చూడాలి?" నాకు వెంటనే మాట రాలేదు. చివరికి, "కళ్లు చూడమ్మా, లోతుకు పోయాయేమో" అన్నాను. ఆ అమ్మాయి నోటుబుక్కులో రాసుకుంది.