బోనం ఆమెది, రసీదు ఎవరిది?

నాగార్జునకొండ తవ్వకాల్లో దొరికిన రోమన్ బంగారు నాణేల్లో ఒకదాని మీద స్త్రీ ముఖం ఉంది. ఆమె ఫౌస్టీనా, రోమ్ చక్రవర్తి ఆంటోనినస్ పయస్ భార్య. క్రీ.శ. 140 ప్రాంతంలో ఆమె చనిపోయాక అక్కడి సెనేట్ ఆమెను దేవతను చేసింది. గుడి కట్టారు, పూజారిణులను పెట్టారు, ఆమె బొమ్మతో నాణేలు కొట్టించారు. వాటిలో ఒకటి సముద్రాలు దాటి వచ్చి ఇక్ష్వాకుల రాజధాని విజయపురి మట్టిలో కలిసింది.

చనిపోయిన రాణిని దేవతను చెయ్యడం ఏ రాజ్యానికైనా తేలికే. బతికున్న ఆడమనిషి గుడిలో నిలబడి తన పేరు తాను చెప్పుకోవడం ఎంత కష్టమో మా మూసాపేటలో ఆషాఢం చూసిన వాళ్లకు తెలుసు.

మామూలు రోజుల్లో మూసాపేట ఆడవాళ్లు తెల్లారకముందే ఇల్లు దాటుతారు. మాదాపూర్ ఆఫీసుల్లో హౌస్‌కీపింగ్‌కు పోయేవాళ్లు కొందరు, అపార్ట్‌మెంట్లలో వంటలకు పోయేవాళ్లు కొందరు, మెడలో ఐడీ కార్డుతో కంప్యూటర్ల ముందుకు పోయేవాళ్లు కొందరు. 2017 నవంబరులో మెట్రో వచ్చింది, 2022లో కైతలాపూర్ ఫ్లైఓవర్ తెరిచారు. హైటెక్ సిటీ దగ్గరైంది, పనిగంటలు మాత్రం తగ్గలేదు. బోనాల ఆదివారం ఈ ఆడవాళ్లే రాత్రి షిఫ్టు దిగి వచ్చినా సరే, ఇల్లు కడిగి, తలకు పోసుకుని, పచ్చిమంచినీళ్లు ముట్టకుండా కొత్త కుండలో బియ్యం, పాలు, బెల్లం వేసి వండుతారు. కుండకు పసుపు పూసి, కుంకుమబొట్లు పెట్టి, వేపమండలు చుట్టి, పైన దీపం వెలిగించి నెత్తికెత్తుకుంటారు. ఆషాఢంలో అమ్మవారు పుట్టింటికి వస్తుందని మన నమ్మకం. పోచమ్మకైనా మైసమ్మకైనా, ఆడబిడ్డకు పోసినట్టే ఒడిబియ్యం పోస్తారు. మా పక్కనున్న చెరువు పేరు కూడా మైసమ్మ చెరువే.

తీరా గుడి దగ్గరికి వస్తే అర్చన చేసే పంతులుగారు అడిగే మొదటి మాట, "యజమాని పేరు చెప్పండమ్మా." ఆమె భర్త పేరు చెబుతుంది, భర్త గోత్రం చెబుతుంది. వారం ముందు ఇంటికొచ్చిన చందా రసీదు మీద కూడా అదే పేరు. గుడి గోడకు దించిన నల్లరాతి పలక మీద దాతల వరసలో ఆడపేరు ఉంటే అది చాలాసార్లు "దంపతులు" అన్న మాట కింద దాగి ఉంటుంది. కమిటీ ఫ్లెక్సీ మీదనైతే ఆడముఖాన్ని వెతుక్కోవాలి. పుట్టింటికి వచ్చిన దేవతకు ఒడిబియ్యం పోసిన మనిషి పుట్టింటి పేరు అక్కడ ఎక్కడా కనపడదు.

ఈ ఏర్పాటు మనం ఒక్కళ్లమే చేసుకున్నది కాదు. ఫౌస్టీనాకు 300 ఏళ్ల ముందు, క్రీ.పూ. 2వ శతాబ్దిలో, కేటో అనే రోమన్ పెద్దమనిషి వ్యవసాయం మీద ఒక పుస్తకం రాశాడు. పొలం చూసే నౌకరు భార్య రోజూ ఏమేం చెయ్యాలో అందులో ఉంది. రాత్రి పడుకునే ముందు పొయ్యి ఊడ్చి శుభ్రం చెయ్యాలి. నెలలో మూడు పర్వదినాల్లో పొయ్యికి పూలదండ వెయ్యాలి, ఇంటి దేవతకు ఉన్నంతలో నైవేద్యం పెట్టి మొక్కాలి. అంతవరకు మన అమ్మమ్మలకు చెప్పినట్టే ఉంటుంది. దానితోపాటే ఇంకో కట్టడి కూడా పెట్టాడు: యజమాని, యజమానురాలు చెప్పందే ఆమె సొంతంగా ఏ పూజా చెయ్యకూడదు, ఇంకొకరితో చేయించకూడదు, ఎందుకంటే ఇంటిల్లిపాది తరఫున పూజ చేసే అధికారం యజమానిదే. ఊడ్చే చెయ్యి ఆమెది, దండ కట్టే చెయ్యి ఆమెది, పూజ ఆయనది. ఇంత సూటిగా రాసిపెట్టిన మాట మన ధర్మశాస్త్రాల బయట చదవడం నాకు అదే మొదటిసారి.

రోమ్ ఆడవాళ్ల జీవితం గురించి సినిమాలు చూపించే వైభవం కొద్దిమందిదే. చట్టం ప్రకారం ఆడపిల్లకు 12 ఏళ్లకే పెళ్లి చెయ్యొచ్చు. పెళ్లికి ముందు తాను ఆడుకున్న బొమ్మలను దేవతల దగ్గర వదిలి రావడం ఆచారం. ఆ తర్వాత ఉన్ని వడకడం, నేత, పిల్లలు, ఇంటి దేవతల పొయ్యి. ఇంత కట్టుదిట్టంలోనూ ఆడవాళ్లకు మాత్రమే అయిన పూజలు కొన్ని ఉండేవి. 'బోనా దియా' అనే దేవతకు ఏటా డిసెంబరులో ఒక రాత్రి పెద్ద అధికారి ఇంట్లో పూజ. ఆ రాత్రి ఇంటాయన సహా మగపురుగు ఆ గడప తొక్కకూడదు. క్రీ.పూ. 62లో సీజర్ ఇంట్లో ఆ పూజ జరుగుతుండగా క్లోడియస్ అనే కుర్ర నాయకుడు ఆడవేషంలో చొరబడి దొరికిపోయాడు. ఊరంతా అట్టుడికింది. విచారణలో క్లోడియస్ నిర్దోషిగా బయటపడ్డాడు. సీజర్ మాత్రం తన భార్య పాంపియాకు విడాకులిచ్చాడు. ఆడవాళ్ల పూజను చెడగొట్టింది మగవాడు, ఇల్లు వదిలిపోయింది ఆడమనిషి. రెండు వేల ఏళ్ల తర్వాత ఈ కథ చదువుతుంటే నాకు కోపమే వస్తుంది.

వెస్టా దేవత ఆరిపోని అగ్గిని కాపాడిన ఆరుగురు కన్యల కథ ఇంకా బరువైనది. ఆరు నుంచి పదేళ్ల లోపు పసివాళ్లను ఎంచి తీసుకుపోయేవారు. ముప్పై ఏళ్లు సేవ. రాజ్యం చేసే ప్రతి బలికీ చల్లే ఉప్పుపిండి వాళ్లు చేసిందే. మిగతా ఆడవాళ్లకు లేని హక్కులు వాళ్లకున్నాయి. సంరక్షకుడి అనుమతి లేకుండా ఆస్తి చూసుకోవచ్చు, వీలునామా రాయవచ్చు. వ్రతం తప్పిందని తేలిస్తే మాత్రం బతికుండగానే పూడ్చేవారు. గౌరవానికి కట్టించుకున్న ధర అది.

రోమన్ ప్రపంచంలో నాకు నచ్చిన మనిషి వేరే ఉంది. పాంపే నగరంలో యూమేకియా అనే పూజారిణి ఊరి నడిబొడ్డున ఒక పెద్ద భవనం కట్టించింది. తన సొంత ఖర్చుతో, తన పేరు మీదా కొడుకు పేరు మీదా కట్టించానని గుమ్మం పైన పెద్ద అక్షరాల్లో చెక్కించింది. బట్టలు ఉతికే వృత్తివాళ్లు ఆమెకు విగ్రహం నిలబెట్టారు. క్రీ.శ. 79లో వెసూవియస్ బూడిద ఊరినంతా కప్పేసినా ఆ పేరు బతికింది.

అలాంటి ఆడవాళ్లు మన కృష్ణ ఒడ్డున ఒక్కరు కాదు, ఒక వంశం నిండా ఉన్నారు. నాగార్జునసాగర్ పోయి బోటింగ్ చేసి, చేపల వేపుడు తిని తిరిగొచ్చే మనవాళ్లలో చాలామందికి ఈ సంగతి తెలియకపోవడం నాకు బాధ.

విజయపురిని ఏలిన ఇక్ష్వాకు రాజు వాసిష్ఠీపుత్ర శాంతమూలుడు అశ్వమేధం, వాజపేయం చేసినవాడు, మహాసేనుడి భక్తుడు. పేరు ముందు తల్లి గోత్రం పెట్టుకున్న రాజు. ఆయన చెల్లెలు శాంతిశ్రీ బౌద్ధాన్ని నమ్మింది. అన్న యజ్ఞాలు అన్నవి, చెల్లెలి స్తూపం చెల్లెలిది. ఆయన కొడుకు వీరపురుషదత్తుడి పాలన 6వ ఏట అక్కడి మహాచైత్యానికి, అంటే పెద్ద స్తూపానికి, ఆమె నిలబెట్టించిన స్తంభాల మీద ప్రాకృత శాసనాలున్నాయి. నేను ఫలానా రాజుకు చెల్లెల్ని, ఫలానా మహాతలవరుడి భార్యను, ఫలానా కొడుక్కి తల్లిని అని చెప్పుకుంది. అందరూ మగవాళ్ల పేర్లే కదా అనవచ్చు. నిజమే. కాని ఆ వాక్యానికి కర్త ఆమె. ఇచ్చింది నేను, నా రెండు లోకాల మేలు కోసం, నా నిర్వాణం కోసం ఇచ్చాను అని రాయించింది. పుట్టిల్లు, మెట్టినిల్లు రెండూ పక్కపక్కనే ఉన్నాయి. ఆ ఇంట్లో మేనరికాలు కూడా మనకు తెలిసినవే. శాంతమూలుడి మరో చెల్లెలు హమ్మశ్రీ కూతుళ్లు మేనమామ కొడుకు వీరపురుషదత్తుణ్ని పెళ్లాడారు. వాళ్లూ స్తంభాలు ఇచ్చారు. కోడలు భట్టిదేవ ఒక విహారం కట్టించింది. మనవరాలు కొడబలిశ్రీ వనవాసి రాజు భార్యగా వెళ్లిపోయాక కూడా పుట్టినూళ్లో విహారం కట్టించింది. శాంతమూలుడు చనిపోయాక ఆయన స్మృతికి స్తంభం నిలబెట్టింది ఆ ఇంటి ఆడవాళ్లే.

రాణులకు డబ్బుంది, చేశారు అనుకుందాం. మరి బోధిశ్రీ? ఆమె రాజకుటుంబం మనిషి కాదు, మామూలు ఉపాసిక, ఒక గృహస్థుడి భార్య. వీరపురుషదత్తుడి 14వ పాలనా సంవత్సరంలో సింహళం నుంచి వచ్చిన భిక్షువుల కోసం శ్రీపర్వతం మీద చైత్యగృహం కట్టించింది. ఆ శాసనాన్ని అంతటితో ఆపలేదు. తాను అంతకుముందు ఎక్కడెక్కడ ఏమేం ఇచ్చిందో అంతా లెక్క చెప్పింది. సింహళ విహారంలో బోధివృక్షానికి కట్టడం, పూర్వశైలంలో చెరువు, మండపం, కంటకశైలంలో రాతి మండపం, పాపిలలో ఏడు గదులు, హిరుముత్తువలో మూడు గదులు, పుష్పగిరిలో ఇంకో మండపం. తర్వాత తన వాళ్లందరి పేర్లు చెప్పి ఈ పుణ్యం వాళ్లకూ చెందాలంది. పని చూసిన భిక్షువుల పేర్లు వేసింది. రాయి చెక్కిన శిల్పి విధికుడి పేరు కూడా వేసింది. ఆ ఒక్క శాసనం కోసమే నాగార్జునకొండ పోవచ్చు. తాను చేసిన పనిని దాచుకోకుండా, తనతో పనిచేసిన వాళ్లను మరిచిపోకుండా రాసుకున్న ఆడమనిషి పత్రం అది. 1926లో ఆ లోయ చరిత్రకారుల కంటబడకపోయినా, 1954 నుంచి 1960 దాకా ఆర్. సుబ్రహ్మణ్యం బృందం సాగర్ నీళ్ల కంటే ముందు పరుగెత్తి తవ్వకపోయినా, ఈ ఆడవాళ్ల గురించి మనకు తెలిసింది ఇంకెంత తక్కువగా ఉండేదో.

ఆ చైత్యాలకు ఇటుకలు మోసిన కూలి ఆడవాళ్ల పేర్లు ఏ స్తంభం మీదా లేవు. రోమ్‌లోనూ బానిస స్త్రీల పేర్లు అంతంతమాత్రమే. విజయపురి స్వర్గమని నేను అనడం లేదు. అయితే అమరావతి స్తూపం దగ్గర చర్మకారుడైన ఒక విధికుడు తల్లినీ భార్యనూ పిల్లల్నీ కలుపుకొని పూర్ణఘటం చెక్కిన పలక ఇచ్చి శాసనం వేయించాడు. భిక్షుణులు, గృహిణులు ఎంతోమంది తమ పేరున ఒక్కో రాయి ఇచ్చారు. పేరు వేయించుకోవడం రాజుల సొత్తన్న ఆలోచన అప్పటి మనవాళ్లకు లేదు.

"దేవుడికిచ్చినదానికి పేరెందుకు?" అని అడిగేవాళ్లున్నారు. మగవాళ్ల పేర్లు గోడంతా చెక్కినప్పుడు ఈ ప్రశ్న ఎవరూ వెయ్యలేదు. మా పేటలోని పెద్దమ్మలు ఇంకో మాటంటారు: "అమ్మకు తెలుసు బిడ్డా, అంతే చాలు." వాళ్ల భక్తి ముందు నేను తల వంచుతాను. కాని పేరు అనేది పుణ్యం లెక్క ఒక్కటే కాదు. రసీదులో పేరున్న మనిషినే కమిటీ మీటింగుకు పిలుస్తారు. మీటింగులో కూర్చున్న మనిషే ఊరేగింపు ఏ సందులోంచి పోవాలో, డీజే బాక్సులు ఎన్ని పెట్టాలో తేలుస్తాడు. నెత్తిన బోనంతో, కాళ్లకు చెప్పుల్లేకుండా, పొద్దుటి నుంచి ఏమీ తినని ఆడవాళ్లు గంటలకొద్దీ లైనులో నిలబడితే వాళ్లకు నీడ, నీళ్లు, మరుగుదొడ్డి ఏర్పాటు చెయ్యాలన్న ఆలోచన ఆ మీటింగులో ఎవరికి రావాలి? బోనం ఎత్తని వాళ్లకు ఆ మెడనొప్పి ఎలా తెలుస్తుంది? తెలంగాణ ప్రభుత్వం 2014లో బోనాలను, బతుకమ్మను రాష్ట్ర పండుగలుగా ప్రకటించింది, సంతోషం. పండుగ రాష్ట్రానిదయింది, గుడి నిర్ణయాలు మాత్రం బోనం ఎత్తినవాళ్లవి కాలేదు.

ఇప్పుడు డబ్బు కూడా ఆమెదే. ఆఫీసులు ఊడ్చి, అపార్ట్‌మెంట్లలో వండి తెచ్చిన జీతంలోంచి తీసి ఇస్తుంది. ఆ నోటును ఆమె చేతిలోంచి అందుకుని, రసీదు మీద ఇంట్లో నిద్రపోతున్న మనిషి పేరు రాయడం అన్యాయం. అది అలవాటుగా జరుగుతున్నా అన్యాయమే.

కాబట్టి మా బస్తీ కుర్రాళ్లకు నా విన్నపం. రసీదు పుస్తకం పట్టుకుని తలుపు కొట్టినప్పుడు, డబ్బు ఎవరి చేతిలోంచి వస్తే వాళ్ల పేరే అడగండి. "మా ఆయన పేరు రాయి నాయనా" అంటే "అక్కా, ఇచ్చింది నువ్వు కదా" అని ఒక్కసారైనా అనండి. గుడికి కొత్త పలక చెక్కించేటప్పుడు "దంపతులు" అని ఊరుకోక ఇద్దరి పేర్లూ వెయ్యండి, ఆమె అడిగితే పుట్టింటి పేరూ వెయ్యండి. పంతులుగారూ, అర్చన చేయించుకునే మనిషి ఎదురుగానే నిలబడి ఉంటుంది, సంకల్పంలో ఆమె పేరు చదవండి. వచ్చే ఆషాఢానికి కమిటీ కూర్చునేటప్పుడు సగం కుర్చీలు బోనం ఎత్తేవాళ్లకు వదలండి. లైనులో నీళ్ల డ్రమ్ము ఎక్కడ పెట్టాలో వాళ్లే చెబుతారు.