పూస పగిలితే తప్పు చేతిదేనా?

టార్చి మంట మీద చేసిన గాజుపూస ఆ రోజుకు బాగానే ఉంటుంది. వారం తర్వాత, ఒక్కోసారి కొన్నవారి మెడలో ఉండగానే, రంగు చుక్క చుట్టూ సన్నని చీలిక కనబడుతుంది. సరిగా చల్లార్చలేదని నింద చేసినవారి మీద పడుతుంది. చాలాసార్లు అది అన్యాయం.

వేడికి ఏ గాజు ఎంత సాగుతుందో దాని రసాయన కూర్పు నిర్ణయిస్తుంది. పూసలకు వాడే ఇటలీ మెత్తని గాజు డిగ్రీకి కోటిలో సుమారు 104 వంతులు వ్యాకోచిస్తుంది. పలకలు కరిగించి అతికే కళలో వాడే ఒక రకం 90 వంతులు, ప్రయోగశాల బీకర్ల బోరోసిలికేట్ 33 వంతులే. మొదటి రెండింటినీ ఒకే పూసలో కలిపితే, సుమారు 500 డిగ్రీల దగ్గర గట్టిపడ్డాక ఒకటి ఎక్కువ, ఒకటి తక్కువ కుంచించుకుంటాయి. స్థూలంగా లెక్కిస్తే ఒత్తిడి 40 మెగాపాస్కళ్ల దాకా వస్తుంది. పైన కంటికి ఆనని గీతలుండే మామూలు గాజు చీలడానికి అది చాలు.

కొలిమిలో నెమ్మదిగా చల్లార్చడం, అంటే ఎనీలింగ్, దీనికి మందు కాదు. పైభాగం ముందు, లోపల తర్వాత చల్లారడం వల్ల పుట్టే ఒత్తిడినే అది తీస్తుంది. కూర్పులోని తేడా ఎక్కడికీ పోదు.

తిరుపతి దగ్గరి పాపానాయుడుపేటలో గాజును గొట్టంగా లాగి, ముక్కలు కోసి పూసలు చేసే పాత విద్య ఉంది. ఒకే ముద్ద నుంచి ఒకే రంగు పూస వస్తుంది కాబట్టి అక్కడ ఈ తగవు లేదు. రకరకాల కడ్డీలు కలిపే కొత్త పనిలోనే చిక్కు.

కాబట్టి కడ్డీలు అమ్మేవారు వ్యాకోచ గుణకాన్ని కట్ట మీద అచ్చు వేయాలి. అదొక్కటే చాలదు కూడా. ఆ అంకెను సాధారణంగా 300 డిగ్రీల లోపే కొలుస్తారు. అంతకు పైన రెండు గాజులు వేరుగా ప్రవర్తించవచ్చు. దేనితో కలిపి పరీక్షించారో కూడా చెప్పాలి. కోల్‌కతాలో, షాలిమార్ స్టేషన్‌కు హుగ్లీ నది ఆవల, జాదవ్‌పూర్‌లో కేంద్ర గాజు, సెరామిక్ పరిశోధన సంస్థ ఉంది. అలాంటి చోట ఈ కొలతలు మామూలు పని. వాటిని తెలుగులో ఒక పేజీ పట్టికగా అందిస్తే పెద్ద ఖర్చేమీ కాదు.

ఈలోగా పూసలు చేసేవారికి ఒక పరీక్ష ఉంది. రెండు కడ్డీల కొసలు కరిగించి, పక్కపక్కన అతికి, దారంలా లాగాలి. చల్లారాక తిన్నగా ఉంటే పొత్తు కుదిరినట్టే. వంగితే, వంపు లోపలివైపున్న గాజు ఎక్కువ కుంచించుకున్నట్టు. ఇస్త్రీపెట్టె థర్మోస్టాట్‌లోని జంటలోహపు పట్టీ వంగేదీ ఇలాగే. పారదర్శక పూసనైతే అడ్డంగా తిప్పిన రెండు పోలరాయిడ్ పలకల మధ్య చూడవచ్చు. ఒత్తిడి ఉన్నచోట వెలుగు కనిపిస్తుంది. కాంతి దూరని గాజుకు మాత్రం దారం పరీక్షే దిక్కు. ఒకే కంపెనీ కడ్డీలైనా రంగు మారితే మళ్లీ చేసుకోవాల్సిందే.