సుమోకి ఇంకో కట్ట వేయిస్తే సరిపోతుందా?

మా నాన్నకీ నాకూ రెండు నెలలుగా ఒకటే గొడవ. ఆస్తి గొడవ కాదు లెండి, సుమో గొడవ.

మాది కర్నూలు. 2006లో కొన్న టాటా సుమో ఇంకా మా ఇంటి ముందే ఉంది. టాటా వాళ్ళు 2019లో సుమో తయారీ ఆపేశారు గానీ నాన్న ఆపలేదు. పదిహేనేళ్ళు నిండగానే ఆర్సీ రెన్యూవల్ చేయించుకుని మరీ తిప్పుతున్నాడు. మొన్న ఇంటి వెనక రెండు గదులు వేస్తూ, నాపబండలు కావాలని బేతంచర్ల వెళ్ళాడు. పన్నెండు బండలు. "దీనికి మళ్ళీ వేరే బండికి బాడుగెందుకు, మన సుమో ఉంది కదా" అని వెనక సీట్లు మడిచి, వాటిని ఎక్కించుకుని, మేస్త్రీని, కూలీ అబ్బాయిని కూర్చోబెట్టుకుని బయల్దేరాడు. దార్లో గొర్రెల మంద అడ్డం వచ్చింది. బ్రేకు వేస్తే బండి ఆగలేదు. పక్కనున్న మట్టిలోకి దించేశాడు. లోపల బండలు జారుకుంటూ వచ్చి మధ్య సీటు వీపుని వంచేశాయి. ఆ సీట్లో కూర్చున్న కూలీ అబ్బాయి అంతకు ముందే టీ తాగినచోట ముందుకొచ్చి మేస్త్రీ పక్కన ఇరుక్కుని కూర్చున్నాడట. లేకపోతే ఏమయ్యేదో నేను రాయను.

ఇదంతా నాన్న చెప్పలేదు. అమ్మ చెప్పింది, అదీ వారం తర్వాత. నాన్న చెప్పింది ఒక్కటే: "కమాను కట్ట ఇరిగింది రా. ఈసారి ఇంకో కట్ట ఎక్కువ ఏయిస్తాండా, ఇంగ ఏం కాదు."

నా బాధంతా ఆ "ఇంగ ఏం కాదు" దగ్గరే.

ముందు లెక్క చూద్దాం. నాలుగడుగుల పొడుగు, రెండడుగుల వెడల్పు, అంగుళంన్నర మందం ఉన్న బండ సరిగ్గా ఒక ఘనపుటడుగు. సున్నపురాయి కాబట్టి బరువు 75 కిలోల చుట్టుపక్కల ఉంటుంది. అంటే ఒక్కో బండా ఒక్కో మనిషి. పన్నెండు బండలు 900 కిలోలు, ముగ్గురు మనుషులు ఇంకో 200. మొత్తం 1100. మా ఆర్సీ తీసి పూర్తి లోడు బరువులోంచి ఖాళీ బండి బరువు తీసేస్తే 750 మిగిలింది. మీ ఇంట్లో పాత సుమోనో బొలేరోనో ఉంటే మీరూ ఈ తీసివేత ఒకసారి చేసి చూడండి. మనలో చాలామంది సర్వర్ కెపాసిటీ లెక్కలు నిద్రలో కూడా చెప్తారు గానీ ఇది చూసి ఉండరు. నేనూ చూడలేదు, మొన్నటిదాకా.

రాయితో వచ్చిన చిక్కేమిటంటే అది కంటికి ఆనదు. పన్నెండు బండలు రెండు వరసలుగా పేరిస్తే తొమ్మిది అంగుళాల ఎత్తు. వెనక అద్దం దాకా కూడా రాదు. బండి ఖాళీగా ఉన్నట్టే ఉంటుంది. అదే బుడ్డల మూటలయితే పైకప్పు తగిలేదాకా నింపినా ఇంత బరువు కావు. ఉల్లిగడ్డలు మధ్యరకం. యాభై కిలోల బస్తాలు పదిహేను వేస్తేనే మా బండి కోటా అయిపోతుంది, డ్రైవరుతో సహా ఎవరూ ఎక్కకుండానే.

"ఇంజను లాగుతాంది కదరా" అంటాడు నాన్న. లాగుతుంది, ఎందుకు లాగదు? ఫస్టు గేర్లో ఆ డీజిల్ ఇంజను మా వీధిని కూడా లాక్కెళ్తుంది. లాగడం ఇంజను పని. మోయడం కట్టలు, టైర్లు, వెనక ఇరుసు, బేరింగుల పని. ఆపడం బ్రేకుల పని. ఒకటి బాగుందని మిగతావి బాగున్నాయని కాదు కదా. పైగా బండలు వెనక ఇరుసుకి ఇంకా వెనగ్గా పెడితే ముందు చక్రాల మీద బరువు తగ్గి స్టీరింగు తేలిపోతుంది. నాన్నకి అది "స్టీరింగు బలే ఫ్రీగా ఉంది" అనిపించిందట!

ఇక కట్ట సంగతి. ఇంకో కట్ట వేస్తే జరిగేది, బండి వెనక భాగం కుంగకపోవడం. అంతే. టైరు అదే, డ్రమ్ము అదే, ఇరుసు అదే. మా టైరు మీద 100 అని లోడ్ నంబరు ఉంది. అంటే గాలి పూర్తిగా ఉన్నప్పుడు ఒక్కో టైరు 800 కిలోలు మోస్తుందని. గాలి తగ్గితే ఆ లెక్క తప్పుతుంది. ఎండాకాలం మన కర్నూలు తారు రోడ్డు మీద గాలి తక్కువున్న టైరు బరువుతో నలిగి నలిగి వేడెక్కి పేలుతుంది. కట్ట దాన్నేం చెయ్యగలదు? ఇంకో సంగతి కూడా ఉంది. కొన్ని బళ్ళలో ఇరుసుకీ బాడీకీ మధ్య ఎత్తుని బట్టి వెనక బ్రేకుకి ఎంత ఒత్తిడి పంపాలో నిర్ణయించే వాల్వు ఒకటి ఉంటుంది. కట్ట వేసి బాడీని పైకి లేపితే ఆ వాల్వు బండి ఖాళీగా ఉందనుకుంటుంది, వెనక బ్రేకుని తగ్గిస్తుంది. లోడు ఎక్కువై, బ్రేకు తక్కువై!

బండి కుంగడమే మనకున్న ఒకే ఒక్క హెచ్చరిక. లాగ్ ఫైల్లో ఎర్రర్లు ఎక్కువొస్తున్నాయని లాగింగు ఆపేసే వాణ్ణి మనం ఆఫీసులో ఏమంటాం?

నాన్న వైపు న్యాయం లేదని నేననను. తొంభైల్లో మా పల్లెల్లో బస్సు పొద్దునొకటి, సాయంత్రమొకటి. ఉల్లిగడ్డలు మార్కెట్ యార్డుకి పోవాలన్నా, కాన్పు నొప్పులొచ్చినామెని ఆసుపత్రికి తీసుకుపోవాలన్నా, పెళ్ళికి పోవాలన్నా జీపే. 1994లో సుమో వచ్చాక సుమో. వెనక మెట్టు మీద నలుగురు, టాపు మీద ఆరుగురు. (సినిమావాళ్ళు మా సుమోలని బాంబులేసి గాల్లోకి లేపడానికే వాడారు గానీ, అవి నిజంగా మోసింది ఇవీ.) వేరే దారి లేనప్పుడు చేసిన పనది. దాన్ని తప్పు పట్టడానికి నేనెవర్ని?

కానీ ఇప్పుడు దారి ఉంది. 2005లో టాటా ఏస్ వచ్చింది, తర్వాత పికప్పులు వచ్చాయి. ఫోను చేస్తే ఇంటి ముందుకొస్తాయి. వాటిల్లో డ్రైవరుకీ సరుకుకీ మధ్య ఇనుప గోడ ఉంటుంది. సుమోలో ఉన్నది రెక్సిను కుట్టిన సీటు. చట్టమూ ఉంది. 2019 సవరణలో ఓవర్‌లోడుకి 20,000 రూపాయలు, ఆపైన ఎక్కువైన ప్రతి టన్నుకీ 2,000 జరిమానా పెట్టారు. అయితే తూకం వేసేది లారీలనే. సొంత సుమోలో వెనక ఏముందో ఎవడు తూస్తాడు? గువ్వలచెరువు ఘాట్లో లారీ బోల్తా పడిందని పేపర్లో చూసి "ఓవర్‌లోడు నాయాళ్ళు" అని తిట్టేది మళ్ళీ మా నాన్నే.

పోయినవారం ఊరెళ్ళి మెకానిక్కుతో మాట్లాడాను. విరిగిన కట్ట మార్చమన్నాను, ఎక్కువది వద్దన్నాను. "పెద్దాయన ఒప్పుకోవాల కదన్నా" అన్నాడు. పెద్దాయన రెండ్రోజులు నాతో మాట్లాడలేదు. మూడో రోజు, నేను కంపెనీ బిల్డు కట్టినట్టు కంపెనీ కట్టిన లెక్కే ఉండనీ అన్నాడు, వెటకారంగానే.

మిగిలిన ఎనిమిది బండలు నిన్న టాటా ఏసులో వచ్చాయి. నాన్న దాని వెనకే ఖాళీ సుమోలో వచ్చాడు. బేతంచర్ల నుంచి ఇంటిదాకా, ఏసువాడు తాడు సరిగ్గా కట్టలేదని, మలుపుల్లో బండి ఊగుతోందని, బండికొకసారి ఆపి నాకు ఒకటే ఫోన్లు.