పేరు కావాలి, అర వద్దు

సంగీతానికి కులం లేదని చెప్పేవారు మన మధ్య చాలామంది ఉన్నారు. వారిలో ఎక్కువమంది తమ సంగీతానికి పేరూ పీఠమూ పారితోషికమూ ముందే దక్కినవారు. పాట విని పరవశించే క్షణంలో శ్రోతకు కులం గుర్తురాకపోవచ్చు. కానీ ఆ పాట ఏ అరలో అమ్ముడవుతున్నది, దాని మీద ఎవరి పేరున్నది, దాని రాబడి ఎవరి ఇంటికి చేరుతున్నది అని అడిగిన మరుక్షణం కులం ఎదురుగా వచ్చి నిలబడుతుంది. ఇటీవలి సంవత్సరాల్లో పదేపదే విన్న కొన్ని ఆల్బమ్‌ల గురించి ఒక శ్రోతగా నా అభిప్రాయాలను చెప్పదలచాను. అవి ఒకే కోవకు చెందినవి కావు. అమెరికన్ కంట్రీ సంగీతం, తెలుగు సినిమా పాట, తమిళ ర్యాప్, చెన్నై గానా, కర్ణాటక కచేరీ. ఇన్ని దారుల్లో తిరిగినా నాకు ఎదురైన ప్రశ్న మాత్రం ఒక్కటే.

బియాన్సే 2024 మార్చిలో విడుదల చేసిన ‘కౌబాయ్ కార్టర్’తో మొదలుపెడతాను. 27 భాగాల ఆ ఆల్బమ్ నిడివి ఎక్కువ, నడుమ పట్టు సడలిన చోట్లూ ఉన్నాయి. అయినా అది ఎత్తిన ప్రశ్న గట్టిది. ‘టెక్సస్ హోల్డెమ్’ పాటలో వినిపించే బాంజో రియానన్ గిడెన్స్ వాయించినది. బాంజో అనగానే తెల్లజాతి పల్లెకారుల వాద్యమని లోకం అనుకుంటుంది. నిజానికి దాని పూర్వరూపాన్ని సొరకాయ బుర్రకు తోలు బిగించి తయారు చేసుకున్నవారు బానిసలుగా తేబడిన ఆఫ్రికన్లు. 1920లలో గ్రామఫోను కంపెనీలు అమెరికా దక్షిణాది రాష్ట్రాల పల్లె సంగీతాన్ని రెండు అరలుగా చీల్చాయి. నల్లవారు పాడితే ‘రేస్ రికార్డ్స్’, తెల్లవారు పాడితే ‘హిల్‌బిల్లీ’. రెండో అరే తరువాత ‘కంట్రీ’గా గౌరవం పొందింది. బిల్‌బోర్డ్ పత్రిక 1949 దాకా తన పట్టికకు ‘రేస్ రికార్డ్స్’ అన్న పేరునే వాడింది.

1969లో గ్రాండ్ ఓల్ ఓప్రీ వేదిక మీద సోలోగా పాడిన తొలి నల్లజాతి మహిళ లిండా మార్టెల్ గొంతును బియాన్సే ఈ ఆల్బమ్‌లోకి పిలిచి తెచ్చింది. 1970లో ఒక్క ఆల్బమ్ చేసి మార్టెల్ ఆ రంగం నుంచి కనుమరుగైంది. ఇప్పుడు బియాన్సే పాట కంట్రీ పట్టికలో మొదటి స్థానానికి చేరింది. ఒక నల్లజాతి మహిళకు అది తొలిసారి. ఆ ఏడాది కంట్రీ మ్యూజిక్ అసోసియేషన్ అవార్డుల్లో మాత్రం ఆ ఆల్బమ్‌కు ఒక్క నామినేషన్ కూడా రాలేదు. 2025 ఫిబ్రవరిలో అదే ఆల్బమ్ గ్రామీలో ఏడాది ఉత్తమ ఆల్బమ్ అయింది. అరను నిర్ణయించేది ధ్వని కాదనీ, పాడే మనిషి అనీ ఈ ఒక్క ఉదాహరణే చెబుతున్నది.

మన దగ్గరి అరల పేర్లు మనకు తెలిసినవే: శాస్త్రీయం, లలితం, సినిమా, జానపదం. ఇందులో చివరి మాట చూడటానికి ఆప్యాయంగా ఉంటుంది. అది చేసే పని మాత్రం వేరు. త్యాగరాజ కీర్తనలో చివరి చరణానికి ఆయన ముద్ర ఉంటుంది. రెండు వందల ఏళ్లు గడిచినా ఆ పేరును ఎవరూ చెరపలేరు. ఊరి చివర పుట్టిన పాటకు ‘జానపదం’ అన్న ముద్ర పడగానే కట్టినవాడి పేరు మాయమవుతుంది. కొన్ని పాటలు నిజంగానే సమూహం కట్టుకున్నవి, అందులో సందేహం లేదు. కానీ ఆ సమూహానికైనా ఒక పేరుంటుంది కదా. డక్కలి, బుడగ జంగం, చిందు, బైండ్ల, మాదిగ అన్న పేర్లను చెప్పకుండా ‘జనం’ అనేయడంలో గౌరవం కన్నా సౌకర్యమే ఎక్కువ కనిపిస్తుంది. ఎవరిదీ కాని పాట అందరిదీ అవుతుంది. అందరిదీ అయిన పాటను చేయి చాపగలిగినవాడు తీసుకుపోతాడు.

‘భీమ్లా నాయక్’ ఆల్బమ్‌ను తీసుకుందాం. 2021 సెప్టెంబరులో విడుదలైన దాని టైటిల్ పాటను కిన్నెర మొగులయ్య గొంతు ఎత్తుకుంటుంది. తమన్ వాద్యఘోష మొదలయ్యేలోపు ఆ కొద్ది క్షణాలు నల్లమల గాలి వీచినట్టుంటుంది. ఆ తరువాతి పాట నాకు మామూలుగానే అనిపించింది. నాగర్‌కర్నూల్ జిల్లాకు చెందిన దర్శనం మొగులయ్య పండుగ సాయన్న వంటి పేదల వీరుల కథలను పన్నెండు మెట్ల కిన్నెర మీద పాడుతూ వచ్చినవాడు. మాదిగలను ఆశ్రయించి వారి వంశ చరిత్రను కథగా చెప్పే డక్కలి కులం ఆయనది. అంటరానితనం లోపల కూడా అంతస్తులుంటాయని అంబేడ్కర్ చెప్పిన మాటకు డక్కలి బతుకే సాక్ష్యం. కిన్నెర మెట్లు పన్నెండని లెక్క చెప్పగలం, కులం మెట్లకు అటువంటి లెక్క లేదు.

ఆ పాట మీద మొగులయ్య పేరు ఉండటం మంచి పని. 2022లో పద్మశ్రీ రావడం అంతకన్నా మంచి సంగతి. అయితే 2024లో ఆయన హైదరాబాదు శివార్లలో కూలి పని చేసుకుంటున్న దృశ్యాలను దేశమంతా చూసింది. బిరుదు గోడకు వేలాడుతుంది గానీ పొయ్యి కింద మండదు. కళాకారుడికి కావలసింది ఏడాదికొకసారి కప్పే శాలువా కాదు, పాట మోగిన ప్రతిసారీ అందే వాటా.

2023లో వచ్చిన ‘బలగం’ ఆల్బమ్ నా దృష్టిలో ఈ దశాబ్దపు మంచి తెలుగు సినిమా ఆల్బమ్‌లలో ఒకటి. భీమ్స్ సిసిరోలియో తెలంగాణ పల్లె లయను అలంకారంగా వాడుకోలేదు, దాన్నే పునాది చేసుకున్నాడు. ‘ఊరు పల్లెటూరు’ పాటకు కాసర్ల శ్యామ్‌కు జాతీయ పురస్కారం రావడం న్యాయమే. కానీ ఊళ్లలో తెరలు కట్టి సినిమా చూసిన జనం కన్నీరు పెట్టుకున్నది చివరి ఘట్టంలో పస్తం మొగిలయ్య, కొమురమ్మ దంపతులు పాడిన పాటకు. బుడగ జంగాలు తరతరాలుగా చావింటి ముందు నిలబడి పోయినవారి గుణగణాలను కథగా చెబుతూ వచ్చారు. ఆ విద్యే సినిమాకు ప్రాణం పోసింది. మొగిలయ్య మూత్రపిండాల వ్యాధితో పోరాడి 2024 డిసెంబరులో కన్నుమూశారు. ఆయన చికిత్సకు సాయం చేసినవారున్నారు, వారికి నమస్కారం. సాయం దాత మనసు మీద ఆధారపడుతుంది. హక్కు ఎవరి మనసు మీదా ఆధారపడదు. ఒక కళాకారుడి ప్రాణం దాతల మనసు మీద ఆధారపడే స్థితినే నేను ప్రశ్నిస్తున్నాను.

తమిళనాడులో ఈ ప్రశ్న మరింత బాహాటంగా చర్చకు వచ్చింది. అరివు 2019లో ఆఫ్రోతో కలిసి చేసిన ‘తెరుక్కురల్’ ఆల్బమ్ పేరే ఒక ప్రకటన. తిరుక్కురళ్‌ను తలపిస్తూనే అది ‘వీధి గొంతు’ అన్న అర్థాన్నిస్తుంది. తూత్తుకుడి కాల్పుల్లో చనిపోయిన స్నోలిన్‌ను తలచుకున్న పాట అందులో ఉంది. తమిళం అంతగా రాని నాకు కూడా ఆ ఆల్బమ్‌లోని కోపం నేరుగా తాకింది. 2021లో ఢీతో కలిసి అతడు పాడిన ‘ఎంజాయ్ ఎంజామి’ ప్రపంచమంతా మోగింది. శ్రీలంక తేయాకు తోటల్లో చెమటోడ్చి, చివరికి సొంత నేల లేక తిరిగివచ్చిన అరివు నాయనమ్మ వల్లియమ్మాళ్ తరం బతుకు ఆ పాటకు మూలం. ఆ ఏడాది ఆగస్టులో రోలింగ్ స్టోన్ ఇండియా ముఖచిత్రం మీద ఢీ, షాన్ విన్సెంట్ డి పాల్ కనిపించారు, అరివు కనిపించలేదు. పా. రంజిత్ బహిరంగంగా అడిగాక, విమర్శలు వచ్చాక, ఆ పత్రిక అరివుతో మరో డిజిటల్ ముఖచిత్రం వేసింది.

ఆ పాటలో ఎవరి పాలు ఎంత అన్న విషయంలో అరివుకూ సంగీత దర్శకుడు సంతోష్ నారాయణన్‌కూ మధ్య భేదాభిప్రాయం వచ్చింది. దానికి తీర్పు చెప్పడం నా పని కాదు. 2024లో సంతోష్ నారాయణనే ఆ పాట రాబడి నుంచి తమ ముగ్గురికీ ఒక్క పైసా అందలేదని ప్రకటించారు. అంటే నష్టం అందరికీ జరగవచ్చు. అయితే బొమ్మ నుంచి ముందుగా జారిపోయే మనిషి ఎవరన్నది మాత్రం యాదృచ్ఛికం కాదు. 2024లో అరివు తన ఆల్బమ్‌కు ‘వల్లియమ్మ పేరాండి’ అని పేరు పెట్టుకున్నాడు. వల్లియమ్మ మనవడు అని దానర్థం. కొన్ని పాటల్లో వాద్యాల బరువు మాటను మింగేసిందని నాకనిపించింది, తెరుక్కురల్‌లోని పదును అన్నిచోట్లా లేదు. అయినా ఆ పేరు నాకు ముఖ్యం. ముఖచిత్రంలో చోటు దక్కనివాడు తన నాయనమ్మ పేరునే ముఖచిత్రం చేశాడు.

2018 జనవరిలో చెన్నైలో తొలి కచేరీ ఇచ్చిన ‘ది క్యాస్ట్‌లెస్ కలెక్టివ్’ బృందానిది ఇంకో మార్గం. పా. రంజిత్, టెన్మా చొరవతో ఏర్పడిన ఆ బృందం తన పేరును అయోతీదాస్ పండితర్ చింతన నుంచి తీసుకుంది. ఉత్తర చెన్నై వాడల్లో చావుల దగ్గర పాడే గానా, పరై వాద్యం, గిటార్, ర్యాప్ ఒకే వేదిక మీదికొచ్చాయి. మగవారి సొత్తుగా ఉన్న గానాను ఇసైవాణి అందుకుంది. రిజర్వేషన్ల మీద వెక్కిరింపులకు వారు పాటతో జవాబిచ్చారు. పాట కన్నా నినాదం ముందుకొచ్చిన చోట్లు వారి సంగీతంలో ఉన్నాయి, కానీ పరై మోగినప్పుడు నాకు మన డప్పు గుర్తుకొస్తుంది. చావు కబురుకూ ఊరి చాటింపుకూ వెట్టిగా కొట్టించిన డప్పును 1994లో ఈదుముడిలో పుట్టిన మాదిగ దండోరా ఆత్మగౌరవ పతాకగా ఎత్తింది. ఆ చరిత్ర చెప్పకుండా డప్పును పండుగ వేదికల మీద ‘జానపద శోభ’గా ఆడించడమంటే వెట్టిని మరిపించడమే.

ఇక కర్ణాటక సంగీతం. నేను దాన్ని ఇష్టంగా వింటాను. నా దగ్గరున్న ఆ ఆల్బమ్‌ల అట్టల మీద గాయకుడి పేరు, వయొలిన్ పేరు, మృదంగం పేరు ఉన్నాయి. ఆ మృదంగాన్ని తయారు చేసినవారి పేరు ఒక్కదాని మీదా లేదు. ఆవు, మేక, గేదె తోళ్లను ఎంచి, కోసి, బిగించి, నాదాన్ని పలికించే ఆ చేతులు ఎక్కువగా దళిత క్రైస్తవులవి. టి.ఎం. కృష్ణ 2020లో ‘సెబాస్టియన్ అండ్ సన్స్’ పుస్తకంలో వారి పేర్లను నమోదు చేశారు. ఆ పుస్తకావిష్కరణకు ఇచ్చిన అనుమతిని కళాక్షేత్ర వెనక్కి తీసుకుంది. 2024లో ఆయనకు సంగీత కళానిధి ప్రకటించగానే కొందరు విద్వాంసులు మద్రాసు మ్యూజిక్ అకాడమీ వేదికను బహిష్కరించారు. ఆయన అభిప్రాయాలన్నిటితో ఏకీభవించనక్కర లేదు. కానీ తోలు మీద చేయి వేస్తే పుణ్యం, తోలు కోస్తే మైల అనే లెక్కకు జవాబు ఎవరో ఒకరు చెప్పాలి.

ఇక్కడ ఒక అభ్యంతరం వస్తుంది. పాటకు కులం పేరు తగిలిస్తే దాన్ని మరో అరలో పెట్టినట్టు కాదా? ‘దళిత ర్యాప్’ అన్న కొత్త గది కట్టి, సంపాదకులూ నిర్వాహకులూ ఏప్రిల్ 14కు మాత్రం ఆ గది తలుపు తీస్తే ఏం లాభం? ఈ ప్రశ్న న్యాయమైనది. నా సమాధానం ఇది: మనిషికి పేరు కావాలి, పాటకు అర వద్దు. పేరు చెప్పడం రుణాన్ని ఒప్పుకోవడం. అర కట్టడం మనిషిని పక్కన పెట్టడం. బడి మెట్లెక్కని అందెశ్రీ రాసిన ‘జయ జయహే తెలంగాణ’ 2024లో రాష్ట్ర గీతమైనప్పుడు దాన్ని ఎవరూ జానపదం అరలో పెట్టలేదు, ఆయన పేరుతోనే పాడుతున్నాం. పేరు నిలిస్తే అర తానే కూలుతుంది.

దీనికి కొత్త విప్లవమేదీ అవసరం లేదు. 2012 కాపీరైట్ సవరణ గేయ రచయితకూ స్వరకర్తకూ రాయల్టీలో విడదీయరాని వాటాను ఇచ్చింది. ప్రదర్శకులకు కూడా వాణిజ్య వినియోగంలో వాటా గుర్తించింది. ఆ చట్టం పల్లె గాయకుడి దాకా రాలేదు. అతని చేతిలో ఒప్పంద పత్రం ఉండదు, చేతిలో పెట్టిన మొత్తమే లెక్క. సంప్రదాయ గీతం ఎవరిదీ కాదంటూ దానికి నాలుగు కొత్త చరణాలు చేర్చినవారు కర్తలవుతారు. కాబట్టి సినిమా నిర్మాతలు, ఆల్బమ్ కంపెనీలు మూడు పనులు చేయాలి. ‘జానపదం’ అని వదిలేయకుండా ఏ ఊరిలో, ఏ సమూహం దగ్గర, ఎవరి గొంతు నుంచి తీసుకున్నారో రాయాలి. పాడినవారితో తెలుగులో ఒప్పందం రాసుకుని వాటా ఇవ్వాలి. వాద్యం చేసినవారి పేరూ వేయాలి. రెండు రాష్ట్రాల సాంస్కృతిక శాఖలు శాలువాలకు పెట్టే శ్రద్ధలో కొంత ఈ కళాకారులను హక్కుదారుల సంఘాల్లో సభ్యులుగా చేర్పించడానికి పెట్టాలి.

విశ్వవిద్యాలయాల్లో చదివే మిత్రులకు ఒక మాట. మీరు పాటను పంచుకునేటప్పుడు నటుడి పేరు రాస్తున్నారు, సంగీత దర్శకుడి పేరు రాస్తున్నారు. ఆ పాట ఎవరి వాకిట్లో పుట్టిందో వెతికి, ఆ పేరు కూడా రాయండి. కులం లేని సంగీతం ఏదో ఒకనాడు రావచ్చు. అందరి పేర్లూ ఆల్బమ్ మీదికి ఎక్కిన తరువాతే అది వస్తుంది.