సచార్ గారి రాజకీయం మనకు తెలుసా?

ఆదోనిలోనైనా ఎమ్మిగనూరులోనైనా రిజర్వేషన్ల గురించి, ఉపకారవేతనాల గురించి సభ జరిగితే 2006 నాటి సచార్ నివేదిక ప్రస్తావన రాకుండా ఉండదు. ఆ కమిటీకి అధ్యక్షత వహించిన జస్టిస్ రాజిందర్ సచార్ జీవితాంతం సోషలిస్టు అన్న సంగతి మాత్రం మనలో చాలామంది ఎరుగరు. 2011లో హైదరాబాద్‌లో పునఃస్థాపితమైన సోషలిస్టు పార్టీ (ఇండియా) వెనుక ఉన్న పెద్దల్లో ఆయన ఒకరు. తొలి అధ్యక్షుడు పుణెకు చెందిన భాయి వైద్య. ఇద్దరూ 2018 ఏప్రిల్‌లోనే కన్నుమూశారు.

చాలా చిన్న పార్టీ అది. అయినా దాని సిద్ధాంతం మనకు అవసరమైనదే. సంపద కొద్దిమంది చేతుల్లో పోగుపడరాదు. విద్య అందరికీ సమానంగా అందాలి. ఇవన్నీ ఆయుధం పట్టకుండా సాధించాలి. ఈ మాటలు మన ప్రాంతానికి కొత్తవి కావు. మాచాని సోమప్ప 1938లో ఎమ్మిగనూరులో నెలకొల్పిన నేత సహకార సంఘం ఎవరి రక్తమూ చిందించకుండానే మగ్గానికి అండగా నిలిచింది.

శాంతివాదం బలహీనుల మాట అని మన యువకుల్లో కొందరు అనుకుంటారు. ఈ పార్టీ నాయకుడు సందీప్ పాండే 1999లో అణ్వస్త్రాలకు వ్యతిరేకంగా పోఖ్రాన్ నుండి సారనాథ్ వరకు, 2005లో ఢిల్లీ నుండి ముల్తాన్‌కు శాంతియాత్రలు జరిపారు. సరిహద్దులో తుపాకి మోగినప్పుడల్లా దేశభక్తి నిరూపించుకోవలసి వచ్చేది మన వీధులే కనుక, ఆ నడక మన కోసం కూడా. అణువు సంగతి దూరపు మాటా కాదు. 2024లో కప్పట్రాళ్ల అడవిలో యురేనియం అన్వేషణను అడ్డుకున్నది మన జిల్లా పల్లెజనమే.

ఇంత చెప్పి ఒక చేదు నిజం దాచడం న్యాయం కాదు. 1977లో నాటి సోషలిస్టులు జనసంఘ్‌తో కలిసి జనతా పార్టీలో విలీనమయ్యారు. ఎమర్జెన్సీని ఎదిరించడానికే కావచ్చు. ఆ పొత్తు జనసంఘ్‌కు తెచ్చిపెట్టిన గౌరవానికి మూల్యం చెల్లించినవారిలో మనమూ ఉన్నాం. నేటి వారసులు దీనికి సూటిగా జవాబు చెప్పాలి. ప్రకటనలు, పాదయాత్రలు మంచివే గాని, మిరప కోతలకు గుంటూరు వెళ్లే కూలీ గుడిసె దాకా అవి రావడం లేదు.

ఓటు ఎవరికన్నది వేరే లెక్క. గెలిచేవారిని చూసి వేయడం తప్పు కాదు. అయితే మనల్ని ఓటు అడగడానికి వచ్చిన ప్రతి అభ్యర్థినీ, ఏ పార్టీ అయినా సరే, సచార్ అడిగే ప్రశ్నే అడుగుదాం: వలస వెళ్లిన తల్లిదండ్రుల వెంట బడి మానేసిన పిల్లలను తిరిగి ఏ తరగతిలో కూర్చోబెడతారు, ఎప్పటిలోగా?