నాయకుని పేరు కాదు, నేల తీరు చూడండి



ఈ శీర్షికను చూచి ఎన్నికలను గురించి వ్రాస్తున్నానని భావించవద్దు. ఈ వారం నేను వ్రాయదలచినది ఒక కంప్యూటర్ ఆటను గురించి. మధుమేహం, రక్తపోటు, మోకాళ్ళ నొప్పులను గురించి వ్రాసే ఈ వృద్ధవైద్యునికి ఆటలతో ఏమి పని అని మీరు అడుగవచ్చును. చివరివరకు చదివితే పని ఉన్నదని మీరే అంగీకరిస్తారని నా నమ్మకం.

ఆట పేరు సివిలైజేషన్. సిడ్ మైయర్ అనే రూపకర్త పేరుతో 1991లో మొదటి భాగం వెలువడింది. 2025 ఫిబ్రవరిలో 7వ భాగం వచ్చింది. చదరంగం వలెనే ఒకరి తరువాత ఒకరు ఎత్తు వేయవలసిన ఆట ఇది. చరిత్రలోని ఒక నాగరికతను, దానికొక నాయకుణ్ణి ఎంచుకోవాలి. ఒక్క ఊరితో మొదలుపెట్టి వేల సంవత్సరాల కాలాన్ని కొన్ని వందల ఎత్తులలో దాటాలి. విజ్ఞానం, సంస్కృతి, మతం, దౌత్యం, యుద్ధం, వీటిలో ఏ మార్గాననైనా గెలువవచ్చును.

గత వేసవి సెలవులలో మా మనవడు నాకు దీని 6వ భాగాన్ని నేర్పాడు. "తాతయ్యా, నువ్వు కొరియాను తీసుకో. సైన్సులో దానికి తిరుగులేదు. అన్ని లిస్టుల్లోనూ అదే పైన ఉంటుంది" అన్నాడు. అతని మాట విని కొరియాను, దాని నాయకురాలైన సోన్‌డోక్ రాణిని ఎంచుకున్నాను. ఆమె 7వ శతాబ్దంలో సిల్లా రాజ్యాన్ని ఏలిన రాణి. గ్యోంగ్‌జూ నగరంలో నేటికీ నిలిచి ఉన్న ప్రాచీన నక్షత్రశాల ఆమె కాలం నాటిదేనని చెబుతారు. ఆటలో ఆమె నాగరికతకు 'సోవోన్' అనే ప్రత్యేక విద్యాపీఠం లభిస్తుంది. అది కట్టినంతనే విజ్ఞానం ఇతరులకంటె వేగంగా పెరుగుతుంది.

అయితే ఆ విద్యాపీఠాన్ని కొండనేల మీద తప్ప కట్టరాదు. నా రాజధానికి కొండలు దొరికాయి కాని, రెండవ ఊరు, మూడవ ఊరు వేసిన చోట అంతా మైదానమే. అక్కడ నా రాణిగారి ప్రత్యేక శక్తి అక్కరకు రాలేదు. పట్టికను నమ్మి, నేలను చూడక, చిత్తుగా ఓడిపోయాను.

ప్రభుత్వ సేవలో గడిపిన దశాబ్దాలలో రోగులు నన్ను అడిగిన ప్రశ్నలలో అగ్రస్థానం దీనిదే: "షుగరుకు ఏ మాత్ర మంచిది డాక్టరుగారూ?" పక్కింటివారికి పనిచేసిన మాత్రనే తానూ వేసుకొనేవారు మన సమాజంలో కోకొల్లలు. మెట్‌ఫార్మిన్ ఎందరికో తొలి ఎంపికగా ఇచ్చే మందు. కాని మూత్రపిండాల పనితీరు బాగా క్షీణించినవారికి దానిని ఇవ్వరాదు. మందు మంచిదే, నేల వేరు. పరీక్షించిన తరువాతనే చికిత్స అన్న నియమాన్ని వైద్య కళాశాల మొదటి పాఠాలలోనే నేర్చుకున్న నేను, ఆట ముందు కూర్చోగానే మరచిపోయాను. ఇందుకు సిగ్గుపడ్డాను కూడా.

ఈ ఆటలో ఒక చిక్కు ఉన్నది. నాయకుణ్ణి ముందే ఎంచుకోవాలి. నేల తరువాతనే కనబడుతుంది. నాయకునికి అనువైన చోటును మొదటి ఊరికి చూపే ప్రయత్నం ఆట కొంత చేస్తుంది, అంతకుమించి హామీ లేదు. అందువలన నా అభిప్రాయం ఇది: ఏ నాయకుడు గొప్ప అన్న చర్చకు వెచ్చించే సమయంలో సగం, దొరికిన నేలను చదవడానికి వెచ్చించండి. మాన్సా మూసాను తీసుకుంటే ఇతరులు వద్దనే ఎడారి కూడా బంగారమౌతుంది. మాలీ నాగరికత బలం అక్కడే ఉన్నది. రష్యా పీటరుకు మంచునేల వరం. ఈజిప్టుకు నదీతీరాన కట్టడాలు వేగంగా లేస్తాయి. ఈ ముగ్గురిని వారి నేలల నుండి పెకలించి మరొకచోట నాటితే సామాన్యులే.

రెండవ సంగతి లక్ష్యం. నేను ఎరిగిన పలువురు ఆటగాళ్ళు, మా మనవడితో సహా, సగం ఆట గడిచేవరకు ఏ విజయం కావాలో నిర్ణయించుకోరు. కొంత సైన్యం, కొంత గుడి, కొంత గ్రంథాలయం కడుతూ పోతారు. ఇది ఒకేసారి నలుగురు వైద్యుల చీటీలలోని మందులన్నీ కలిపి మింగే రోగి పద్ధతి. 7వ భాగంలో ఇంకొక మార్పు తెచ్చారు. నాయకుడు ఒక్కడే ఉండి, యుగం మారినప్పుడు నాగరికత మారే పద్ధతితో అది విడుదలయింది. ప్రాచీన యుగంలో గెలిపించిన ఎత్తుగడ ఆధునిక యుగంలో చెల్లదు. పాత ఆటగాళ్ళకు ఈ మార్పు నచ్చలేదని విన్నాను. నాకు మాత్రం సబబుగానే తోచింది. ముప్పై ఏళ్ళనాటి భోజనాన్ని డెబ్బయ్యో ఏట కొనసాగించి కీడు తెచ్చుకున్నవారిని ఎందరినో చూచినవాణ్ణి.

ఇక నేను ఈ వ్యాసం వ్రాయడానికి అసలు కారణమైన విషయానికి వస్తున్నాను. అది నీరు.

6వ భాగంలో ప్రతి ఊరికీ నివాస సామర్థ్యం అని ఒక లెక్క ఉంటుంది. నదిని గాని మంచినీటి చెరువును గాని ఆనుకొని ఊరు వేస్తే ఆ లెక్క 5తో మొదలవుతుంది. సముద్రతీరాన 3. ఏ నీరూ లేనిచోట 2 మాత్రమే. జనాభా ఆ హద్దును సమీపిస్తున్నకొద్దీ, ఎంత ధాన్యం ఉన్నా, ఊరి పెరుగుదల మందగిస్తుంది. నీరు లేని ఊరికి జలవాహిక కట్టితే ఆ సంఖ్య 6 వరకు పెరుగుతుంది. మన భారతదేశానికి ఆటలో మెట్లబావులు ఇచ్చారు. అవి ఆహారాన్నీ నివాసాన్నీ రెండింటినీ పెంచుతాయి. పారిశుద్ధ్యం అనే విద్య నేర్చిన తరువాత మురుగునీటి వ్యవస్థ కట్టవచ్చును. 2005లో వచ్చిన 4వ భాగంలోనైతే ఆరోగ్యమే ఒక ప్రత్యేక లెక్క. అనారోగ్యం పెరిగిన ఊరు తిండి కోల్పోయేది.

కొత్త ఆటగాడు ఏమి చేస్తాడు? పిరమిడ్లు కడతాడు. జలవాహికను వాయిదా వేస్తాడు. ఏమంటే పిరమిడ్లు తెరమీద అందంగా కనబడతాయి. ఇది ఆటగాళ్ళ దోషం మాత్రమే కాదు.

నేను పనిచేసిన ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రం పరిధిలో ఒక గ్రామం ఉండేది. ఏటా తొలకరి వానలు పడగానే అక్కడినుండి వాంతులు, విరేచనాలతో రోగులు బారులు తీరేవారు. ఊరి మంచినీటి గొట్టం కొంతదూరం మురుగుకాలువ లోపలినుండే పోతుండేది. అతుకు దగ్గర పగులు ఉండేది. నేను సెలైన్ ఎక్కించి, ఓఆర్‌ఎస్ పొట్లాలు ఇచ్చి పంపేవాణ్ణి. సంబంధిత కార్యాలయానికి మూడేళ్ళలో మూడు ఉత్తరాలు వ్రాశాను. సమాధానం రాలేదు. ఆ మూడేళ్ళలోనే ఆ ఊరి నడిబొడ్డున ఒక స్వాగత ద్వారం మాత్రం లేచింది. నాలుగవ ఏట రెండేళ్ళ ఆడపిల్లను రాత్రివేళ ఎడ్లబండిలో తీసుకువచ్చారు. అప్పటికే ఆలస్యమైపోయింది. నెల తిరగకుండా గొట్టం మార్చారు. పని రెండు రోజులే పట్టింది.

ఆ కార్యాలయాన్ని తప్పుపట్టడం సులభం. నా తప్పు కూడా ఉన్నది. ఉత్తరాలు వ్రాసి చేతులు దులుపుకున్నాను. గ్రామస్థులను పిలిచి, ఆ కాలువ వద్దకు తీసుకువెళ్ళి, ఇదిగో మీ రోగం ఇక్కడ ఉన్నదని చూపలేదు. 1854లో లండన్‌లో కలరా వ్యాపించినప్పుడు జాన్ స్నో అనే వైద్యుడు, ఏ పంపు నీరు త్రాగినవారు మరణిస్తున్నారో ఇల్లిల్లూ తిరిగి తెలుసుకొని, ఆ పంపు పిడిని తీయించాడు. ఆ పాఠం చదివి పరీక్షలో మార్కులు తెచ్చుకున్నవాణ్ణే నేను.

ఆట మనకు ఎన్నో నేర్పుతుంది కాని, అది చెప్పనివి కూడా ఉన్నాయి. కంబోడియాను ఏలిన 7వ జయవర్మ ఆటలో ఖ్మేర్ నాయకుడు. జలవాహికలు, పుణ్యక్షేత్రాలు ఆయన బలం. కాని 102 ఆరోగ్యశాలలు ఉండేవని ఆయన కాలపు తా ప్రోమ్ శాసనం పేర్కొంటున్నది. ఆటలో ఆయనకిచ్చిన ప్రత్యేక శక్తులలో ఆసుపత్రి ఒక్కటీ లేదు. 7వ భాగంలో అశోకుడు ఉన్నాడు. మనుషులకూ పశువులకూ వైద్యం ఏర్పాటు చేశాననీ, ఓషధులు నాటించాననీ, బావులు త్రవ్వించాననీ ఆయన తన రెండవ శిలాశాసనంలో చెప్పుకున్నాడు. ఆ శాసనాన్ని చూడడానికి దూరం పోనవసరం లేదు. కర్నూలు జిల్లా ఎర్రగుడి బండల మీద అది నేటికీ ఉన్నది. మీ పిల్లలు ఆ ఆట ఆడుతుంటే, ఒకసారి ఎర్రగుడికి తీసుకువెళ్ళండి.

ఈ ఆటను గురించి ప్రచారంలో ఉన్న ఒక కథను కూడా ప్రస్తావించాలి. మొదటి భాగంలో ఒక లెక్కతప్పు వలన గాంధీజీ అణుబాంబులు వేసేవాడని చాలామంది నమ్ముతారు. అటువంటి తప్పేదీ లేదని సిడ్ మైయర్ 2020లో తన జ్ఞాపకాల పుస్తకంలో స్పష్టం చేశారు. ఫోనులో వచ్చే ఆరోగ్య సందేశాలు కూడా ఇలాగే వ్యాపిస్తాయి. వినడానికి బాగున్నంతమాత్రాన నిజం కావు.

చివరగా ఒక హెచ్చరిక. ఇంకొక్క ఎత్తు, ఇంకొక్క ఎత్తు అంటూ రాత్రి రెండు గంటలవరకు కూర్చోబెట్టే గుణం ఈ ఆటకు ఉన్నది. నేనూ ఒకసారి అలా కూర్చొని మర్నాడు నా రక్తపోటు మాత్ర మరచిపోయాను. ఆట మీద అదుపు తప్పడం, మిగిలిన పనులకంటె ఆటకే ప్రాధాన్యం ఇవ్వడం, నష్టం జరుగుతున్నా మానలేకపోవడం, ఈ లక్షణాలు సాధారణంగా ఏడాదిపాటు కొనసాగి జీవితాన్ని దెబ్బతీస్తే దానిని వ్యాధిగానే పరిగణించాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ వర్గీకరణ చెబుతున్నది. 2022 జనవరి నుండి అది అమలులో ఉన్నది. మా ఇంట గంట మ్రోగే గడియారం పెట్టుకున్నాము. గంటకొకసారి లేచి నాలుగడుగులు నడుస్తాము. రాత్రి తొమ్మిది దాటితే కంప్యూటరు మూసివేస్తాము.

నేల నచ్చకపోతే ఆటలో మళ్ళీ మొదలుపెట్టవచ్చును. మన ఊరికి ఆ సదుపాయం లేదు. ఆదివారం ఉదయం ఒక అరగంట వెచ్చించి, మీ వీధి మంచినీటి గొట్టం ఏ దారిన వస్తున్నదో చూడండి. అది మురుగుకాలువను దాటేచోట తడి గాని, దుర్వాసన గాని ఉంటే ఫోటో తీసి, పదిమంది సంతకాలతో ఫిర్యాదు ఇవ్వండి. ఇచ్చి ఊరుకోవద్దు. వారం తరువాత మళ్ళీ వెళ్ళండి.