మోకాటి నొప్పియు దూరపు నడకయు

సూర్యాపేట చెంత దురాజుపల్లిలో రెండేండ్ల కొకమారు లింగమంతుల జాతర జరుగును. 2025 ఫిబ్రవరిలోను జరిగినది. నెత్తిని గంపతో పెద్దగట్టెక్కు స్త్రీలలో వయసు మీఱినవారును గలరు. అట్టివారికి మోకాలు నొచ్చెనేని “ఇక నీ నడక చాలు” నని యింటివారందురు. అది తగదు. బొత్తిగా కదలకున్నచో తొడకండరములు క్షీణించి కీలునకు ఆసరా తగ్గును.

దూరమును సగము చేసి, చదునునేలను నడువుడు. ఎక్కుటకంటె దిగుటయందే మోకాటిచిప్పకు శ్రమ హెచ్చు. దినమున కిరుమారులు కుర్చీపై గూర్చుండి, కాలు చాచి, పది లెక్కించి దింపుడు. నూనె మర్దనము హాయి గూర్చును గాని కండకు బలమీయదు. వాపు తగ్గకున్నను, కీలు బిగిసినను వైద్యునకు జూపుడు. జాతరకు మూడునెలల ముందే మొదలిడి, నడకను వారమువారము కొంచెముగా పెంచుడు.

ఇంటిల్లిపాదికై తిరుగు కాళ్లకు, తమ మ్రొక్కు దీర్చుకొను బలముకూడ నుండవలదా?